తలమీద కొంగు

ఉద్దానంలో మా ఊరి చర్చికి స్థలం ఇచ్చింది మా తాత. తుఫానులకు మా జీడితోటలు పోయాక మాకు మిగిలింది ఆ చర్చిలో ముందు వరుస, అమ్మ గొంతు. ఆదివారం కొంగు తలమీదికి లాక్కుని, వేటకెళ్లిన ఒక్కొక్క పడవ కోసం అమ్మ పైకి ప్రార్థించేది. నలభై ఏళ్లు అలాగే సాగింది.

కొత్తగా వచ్చిన సంఘపెద్ద ఒకరోజు ప్రార్థన మధ్యలో చెయ్యెత్తి ఆపాడు.

“కూకోమ్మా. సంగంలో ఆడోళ్లు మాటాడకూడదని పౌలు రాసీసినాడు. తోటల్తోనే మీ పెత్తనం కూడా పోయిందనుకో.”

వెనక ఎవరో నవ్వారు. అమ్మ కూర్చుంది. ఆ తర్వాత ఇంట్లో కూడా ఆమె గొంతు ఎత్తి ప్రార్థించలేదు. నేను క్షమించలేదు.

బైబిల్లో, కొరింథు సంఘానికి పౌలు రాసిన ఆ ఉత్తరాన్నే మొదటినుంచి చదివాను. స్త్రీలు మౌనంగా ఉండాలన్న మాట అందులో ఉంది. లేదనను. కానీ దానికి మూడు అధ్యాయాల ముందే, ప్రార్థించే స్త్రీ తల కప్పుకోవాలని అదే చెయ్యి రాసింది. నోరు విప్పకూడని మనిషికి ఆ నియమం దేనికి? పౌలు ఆపమన్నది సభలో గందరగోళాన్నేనని నాకు అర్థమైంది. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు ఊరుకోవాలని అక్కడే మగవాళ్లకూ చెప్పాడు.

పలాసలో జీడిపప్పు ఒలిచే షెడ్డులో, నా పక్కన కూర్చునే మా ఊరి ఆడవాళ్లకు ఇది చెప్పాను. వాళ్ల తల్లులు ఒకప్పుడు మా తోటలో గింజలు ఏరినవాళ్లే.

“అయితే నోరు మూసుకుంటే ముసుగక్కర్లేదా, సిన్నమ్మా? ఉక్కయినా తగ్గిపోద్ది!” అంది ఒకామె. షెడ్డంతా నవ్వింది.

ఆ ఆదివారం ఒక్క తలమీదా కొంగు లేదు.

“ఏటిది? ముసుగెయ్యండి! పౌలు సెప్పింది మర్సిపోనారా?” అని సంఘపెద్ద అరిచాడు.

నేను లేచి నిలబడ్డాను. “మర్సిపోలేదండి. పదకొండో అధ్యాయం మీరే సదవండి. అందరికీ ఇనబడాలి.”

చదివాడు. ‘ప్రార్థించే స్త్రీ’ అన్న మాట దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గింది. మళ్లీ చదవమన్నాను. అతని చెవులు ఎర్రబడటం తృప్తిగా చూశాను.

“సరే, ముసుగెయ్యండి,” అన్నాడు చివరికి.

“ఎందుకండి?”

ఆ మాట అతని నోటినుంచే రావాలి. అతను బైబిలు మూశాడు.

“పార్దనకి,” అన్నాడు.

అమ్మ కొంగు తలమీదికి లాక్కుంది. పడవలన్నీ అయ్యాక, ఆఖరున అతని పేరు కూడా చెప్పి ప్రార్థించింది. అది నేను అడగలేదు. దానికి ఆమేన్ కూడా అనలేదు.