అత్తమ్మ కాపలా కాసే అంకె

మేళ్లచెరువులో సిమెంటు దుమ్ము పడని చోటు లేదు. అందుకే లక్ష్మీనర్సమ్మ టీవీకి, కుట్టుమిషనుకు, ఆఖరికి మంచినీళ్ల బిందెకు కూడా గుడ్డ తొడుగుతుంది. కోడలు శోభ పెళ్లి వీడియోల దుకాణం పెట్టినప్పుడు కంప్యూటర్ డబ్బాకూ తన పాత పట్టుచీరతో, జరీ అంచు వేసి మరీ తొడుగు కుట్టింది. నడుస్తున్నప్పుడు కూడా దాన్ని తీయనివ్వదు. చదువు రాకపోయినా అంకెలు తెలుసు గనక, స్క్రీన్ మూలన ప్రాసెసర్ వేడి చూపే అంకెను కనిపెట్టుకుని ఉండే పని ఆమెదే. కొంగు నడుముకు దోపి, స్టూలు మీద కూర్చుని రెప్ప వేయకుండా చూస్తుంది. తొంభై దాటితే కేక వేస్తుంది.

ఆ రోజు సాయంత్రానికి ఇవ్వాల్సిన వీడియో సగంలో ఉండగానే కంప్యూటర్ వేడెక్కి ఆగిపోయింది. మళ్లీ మొదలుపెడితే అంకె మళ్లీ తొంభై నాలుగు. శోభ తొడుగు వైపు ఒకసారి చూసి, మళ్లీ మౌస్ అందుకుంది. ఆ చూపు అత్తకు అందింది.

"నేను కుట్టిన్నని ఊకున్నవా బిడ్డా? దీనికి ఊపిరాడ్తలేదని జెప్పొద్దా!" అంటూ తొడుగు తానే లాగేసింది.

అంకె మెల్లగా దిగి డెబ్బైకి వచ్చింది. "సల్లవడ్డది. ఇగ ఫికర్ లేదు" అంది.

వీడియో పూర్తయ్యేలోగా దోమతెర ముక్కతో గాలాడే కొత్త తొడుగు కుట్టేసింది. జరీ అంచు మాత్రం పాతదాని నుంచి విప్పి వేసింది.