విత్తనపు గింజలు తీసుకున్న ఆదివారాలు

నా నోరు మంచిది కాదు. ఈ మాట మా అమ్మ చెప్పింది, మా ఇంటాయన చెప్పినాడు, ఆఖరికి చర్చిలో పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో ఫాదర్ కూడా చెప్పినాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటి వల్ల ఊరు చెడిందో లేదో తెలీదు గానీ, ఒక ఇల్లు మాత్రం చెడింది. దాన్ని గురించే రాస్తాండా. రాస్తే బరువు తగ్గుతుందని ఎవురో అంటే విన్నా. నాకేం ఆ నమ్మకం లేదు.

తొంభైల ఆఖర్లో నేను సిస్టర్లు నడిపే కతోలిక హైస్కూల్లో తెలుగు టీచరును. బెళుగుప్ప దాటి ఇంకా పడమటికి పోతే వచ్చే ఎర్రనేలల్లో ఉండేది ఆ బడి. బడి పక్కన చర్చి, చర్చి వెనక ఆడపిల్లల హాస్టలు. చుట్టుపక్కల పల్లెల్లో ఏడో తరగతితో చదువు ఆఖరు. వాన లేని ఏడు తల్లిదండ్రులు బెంగుళూరికి కూలికి పోతారు. ఎదిగిన ఆడపిల్లను ఇంట్లో ఒంటిగా యట్ల వదిలేది? వాళ్ళతోపాటే ఎత్తుకపోతారు. అందుకే హాస్టల్లో పొయ్యి మండినన్నాళ్ళే ఆ పిల్లలకు చదువు. ఈ సంగతి మాకందరికీ తెలుసు.

మొదట్లో యాడో దూరదేశంలో ఉండే పుణ్యాత్ములు పంపే సాయంతో హాస్టలు నడిచేది. ఒక ఏడు అది నిలిచిపాయ. అప్పుడు మా హెడ్మిస్ట్రెస్ సిస్టరమ్మ మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి, ఇంగ మన బడిని మనమే సాక్కోవాల అని చెప్పింది. ఆ పొద్దు మొదలైంది పిడికెడు బియ్యం. ప్రతి ఇంట్లో ఆడమనిషి ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన ముంతలో ఏస్తుంది. వారమంతా అట్ల చేరిన గింజలు ఆదివారం చర్చిలో పూజకు తెచ్చి, కానుకలెత్తే వేళ పీఠం ముందర పరిచిన గోనెసంచిలో పోస్తుంది. మా మతం కాని ఇండ్లవాళ్ళు కూడా తెస్తాండ్రి. మా పిల్లోల్లు తినే అన్నమే గదా అని వాకిట్లో చెప్పులిడిచి వచ్చి పోసి పోతాండ్రి. రేషను బియ్యం, సోనా బియ్యం, కొర్రలు, రాగులు, అన్నీ ఒకే సంచిలో. వండే ఆమె తిట్టుకుంటానే వండేది, ఒకటి మెత్తబడితే ఇంకొకటి పలుకుంటాదని.

ఆ సంచి బాధ్యత నాకిచ్చినారు. ఎవురు తెచ్చినారు, ఎవురు తేలేదు చూసుకునేది నేనే. నాకు శానా గర్వంగా ఉండేది, ఎందుకు దాచేది?

తర్వాత వరసగా రెండేండ్లు వాన మొగం చూడలేదు. చేన్లలో శనక్కాయ చెట్లు జానెడు లేసి ఎండిపాయ. సంచి వారం వారం చిక్కిపోతావచ్చింది. మూడో ఏడు జూన్లో బడి తెరిచినాక సిస్టరమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి గింజల డ్రమ్ము మూత తీసి చూపించింది. అడుగు కనపడతాంది. దసరా దాకా కూడా రాదు, పదో తరగతి పిల్లలనైనా మార్చి దాకా నిలబెట్టుకోవాల, ఏమన్నా చేయి అనింది. కరువులో అధికమాసమన్నట్టు ఆ ఏడు పదో తరగతిలోనే ఎక్కువమంది హాస్టలు పిల్లలు.

వాళ్ళలో ఒక పిల్ల ఉండేది. వాళ్ళ ఊర్లో ఏడో తరగతి దాటి చదివిన మొదటి ఆడపిల్ల. నేను తరగతిలో తిట్టే తిట్లన్నీ అచ్చం నా గొంతుతో తోటి పిల్లలకు చేసి చూపిస్తాండె. ఒకసారి తలుపు చాటున నిలబడి విన్నా. నాకంటే బాగా తిడతాండాది. కోపం నటించి లోపలికి పోయినా గానీ నవ్వు ఆగలేదు. టీచరు ట్రైనింగు చదవల్లని దాని ఆశ. నీలాంటి దానికి అదే సరైన పని, పిల్లోల్లు భయపడి చస్తారు అని నేనే దానికి నూరిపోసినా. వాళ్ళు మా మతంవాళ్ళు కాదు. వాళ్ళమ్మ ఆదివారం ఆదివారం నడిచి వచ్చి, పిడికెడు బియ్యం పోసి, బిడ్డను చూసుకోని పోయేది. ఆ ఏడు బడి తెరిచిన కాన్నుంచి మాత్రం నాలుగు వారాలుగా వస్తాండాది గానీ ఉత్త చేతులతో వస్తాండాది.

నాకు జనం మీద కోపమొచ్చింది. వాన మీద రావల్సిన కోపం జనం మీదికొచ్చింది. టీ అంగడి కాడ కూర్చోనేదానికి ఉంటాది గానీ పిడికెడు గింజలకు లేవా అనుకున్నా. ఆ ఆదివారం పూజ అయిపోతానే, ఫాదర్‌ను కూడా అడక్కుండా, ముందుకు పోయి మైకు పట్టుకున్నా. నాలుగు వారాలుగా పిడికెడు తేని ఇండ్ల పేర్లు ఊరి వరసన చదివినా. పిల్లలను పంపేది తెలుసు గానీ కూడు పెట్టేది తెలీదా అని కూడా ఒక మాట కలిపినా. ఎవురూ తలెత్తలేదు. వాకిలి కాడ చెప్పులు చేతిలో పట్టుకోని ఆ పిల్ల తల్లి నిలబడి ఉంది. వాళ్ళ ఇంటి పేరు కూడా చదివినా, ఆమెను చూస్తానే చదివినా.

బాగా బుద్ధి చెప్పినా అనుకుంటా ఇంటికి పోయి నిమ్మళంగా అన్నం తిన్నా.

మరుసటి ఆదివారం సంచి నిండింది. సిస్టరమ్మ నా భుజం తట్టింది. పూజ అయినాక ఆ పిల్ల తల్లి నెత్తిన చిన్న మూటతో వచ్చింది. బియ్యం కాదు, శనక్కాయ గింజలు. సంచిలో పోయబోతాంటే నేను చేయి పెట్టి చూసినా.

నా చేతికి తెలిసిపాయ. మా నాయన సేద్యగాడు. ఎండాకాలమంతా మా అమ్మ పక్కన కూర్చోని విత్తనానికి కాయలు ఒలిచినదాన్ని నేను. తినే గింజల్లో తాలు ఉంటాది, బద్దలుంటాయి. ఇవి అట్ల లేవు. అన్నీ ఒకే తూకం, పొట్టు యాడా చిట్లలేదు. చేత్తో ఒలిచి, ఏరి, వాన కోసం పెట్టుకున్న విత్తనం. విత్తనం తిన్న ఇల్లు మళ్ళా లేవదని మా నాయన ఎన్నిసార్లు చెప్పింటాడో.

ఆమె నా మొగం చూడలేదు. “ఇంట్లో బియ్యం గింజ లేదు టీచరమ్మా. ఇవి పెట్టుకోండి. ఇంగ మా పేరు చదవద్దండి” అనింది.

వద్దక్కా, ఎత్తుకపో అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఎప్పుడూ ఊరుకోని నోరు ఆ పొద్దు ఊరుకుంది. ఊరుకున్నా బాగుండు. దేవుడు నీకు నూరంతలు ఇస్తాడులే అక్కా అనినా. చెప్పేవి శ్రీరంగ నీతులు. హాస్టలు నిలబడాల, పిల్లలు పరీక్ష రాయాల, అంతే నా తలకాయలో ఉండేది. ఆమె ఆ తర్వాత ఇంకో రెండు ఆదివారాలు అట్లనే తెచ్చింది. రెండుసార్లూ తీసుకున్నా.

హాస్టల్లో ఆ గింజలు ఏంచి ఊరిబిండి పచ్చడి నూరినారు. శానా దినాల తర్వాత సంగటిలోకి కమ్మగా ఏదో ఒకటి దొరికిందని పిల్లలు ఎగబడినారు. ఆ పిల్ల మాత్రం ఉత్త సంగటి ముందర పెట్టుకోని కూర్చునింది. ఏమే, మొగం అట్ల పెట్టినావు అంటే కడుపునొప్పి అనింది. గట్టిగా అడిగితే, “ఆ గింజలు ఎండాకాలం సెలవుల్లో నేనే ఒలిచినా టీచర్” అని మెల్లగా చెప్పింది. తిను, అన్నం ముందర పెట్టుకోని అట్ల కూర్చోకూడదు అని కసిరినా. అది తల వంచుకోని తినింది. తినేదాకా నేను అక్కడే నిలబడి ఉన్నా.

వాన రాకడ ప్రాణం పోకడ ఎవురికి తెలుసు? జూలై ఆఖర్లో వచ్చింది వాన. రెండు రాత్రులు, ఒక పగలు. రెండేండ్లుగా చూడని వాన. తెల్లారేసరికి ఊరూరా విత్తే గొర్రులు కట్టినారు. తరగతిలో పాఠం చెప్తాంటే కిటికీలోనుంచి తడి నేల వాసన. పిల్లలందరూ నవ్వుతాండ్రి. ఆ పిల్ల ఒకటే నల్లబల్ల మీది అక్షరాలు రాసుకుంటా ఉండాది. బడి వదలతానే వాళ్ళ ఊరికి నడిచి పోయినా.

వాళ్ళకుండేది అరెకరా చేను. ఆ తండ్రి బాడుగెద్దులను చేనుగట్టున నిలబెట్టుకోని కూర్చోని ఉన్నాడు. నన్ను చూసి లేసి, బిడ్డకేమైనా ఒంట్లో బాగలేదా అని అడిగినాడు. లేదంటే నిమ్మళించినాడు. విత్తనం సగానికి పైన లేకుండా పాయ టీచరమ్మా, ఎలకలు తినేసినాయంట, ఇంత పెద్ద ఎలకలు ఈ ఊర్లో యాడుండాయో అని చెప్పినాడు. పెండ్లాము పక్కనే ఉంది. ఆమె నన్ను చూసింది, నేను ఆమెను చూసినా. ఆ ఎలకలం మేమే అని నేను చెప్పలేదు. ఆమె నా పరువు కాపాడింది, నేను నిలబడి కాపాడించుకున్నా. ఆ సిగ్గు ఈ పొద్దుటికీ పోలేదు.

తర్వాత రెండు దినాలు బడికి సెలవు పెట్టి విత్తనం కోసం తిరిగినా. విత్తే పొద్దున విత్తనం ఎవురిస్తారు? సర్కారు ఇచ్చే విత్తనం అప్పటికే అయిపోయింది. మా అన్న కాళ్ళు పట్టుకుంటే ఒక మూట ఇచ్చినాడు. అది నెత్తిన పెట్టుకోని పోయేసరికి గాలి తోలి నేల పదును ఆరిపోయింది. అయినా విత్తినారు. ఒకటీ అరా మొలిచి మాడిపాయ. మళ్ళా వాన రాలేదు.

వినాయక చవితి అయినాక వాళ్ళు బెంగుళూరికి కదిలినారు. పిల్లను తీసుకపోయేదానికి తల్లి హాస్టలుకొచ్చింది. నేనూ సిస్టరమ్మా బతిమాలినాము. మార్చి దాకా ఉండనీ, మీరు నిశ్చింతగా పోండి, పిల్లను మేము చూసుకుంటాము అని ఎంతో చెప్పినాము. ఆమె విసుక్కోలేదు, ఏడవలేదు. “పిడికెడు ఇయ్యకుండా పిల్లను యట్ల పెట్టేది టీచరమ్మా? మీరే పేర్లు చదివితిరి గదా” అనింది.

సిస్టరమ్మ నా పక్క తిరిగి చూసింది. కానుకగా ఉన్నదాన్ని నేను సుంకం చేసినా. ఆ సంగతి అప్పుడు తెలిసింది నాకు. వద్దక్కా, ఆ మాట మరిచిపో, ఏమీ ఇయ్యబళ్ళేదు అనినా. ఆమె నమ్మలేదు. మైకులో చెప్పిన మాట ముందు నట్టింట్లో చెప్పే మాట ఎవురు నమ్ముతారు? ఆ పిల్ల పెట్టె ఎత్తుకోని, పోయొస్తా టీచర్ అని నా కాళ్ళకు మొక్కి పాయ.

హాజరుపట్టీలో ఆ పిల్లకు నేను దొంగ హాజరు వేస్తావచ్చినా, ఎప్పుడైనా వస్తాదేమోనని. సిస్టరమ్మ పట్టుకోని ఆ పిల్ల పేరు కొట్టేసింది. అయినా ఆ ఒక్క పిల్లతో పోలేదు. పేర్లు చదివినాక మూడు వారాలు నిండిన సంచి, తర్వాత ముందుకంటే అడుక్కి దిగిపాయ. పిడికెడు లేనివాళ్ళు పూజకే రావడం మానేసినారు. ఉత్త చేతులతో దేవుని ముందరికి యట్ల పోయేది అన్నారంట. అప్పో సప్పో చేసి మార్చి దాకా ఈడ్చి, పరీక్షలు అయీ కాకనే హాస్టలు మూసేసినారు. చిన్న తరగతుల పిల్లలు యాడోళ్ళు ఆడికి పోయినారు. ఆ పిల్ల ఊరివాళ్ళను అడిగి చిరునామా పట్టుకోని, ఆ ఎండాకాలం నేను బెంగుళూరికి పోయినా. క్షమించమని అడగల్లని పోయినా, అంతకుమించి నా చేతిలో ఏమీ లేదు.

కడతా ఉన్న పెద్ద మేడ పక్కన రేకుల గుడిసెలు. ఆ పిల్ల పొయ్యి కాడ ఉంది. సన్నబడింది, అరిచేతులు సిమెంటుకు పగిలి ఉన్నాయి. నన్ను చూసి నవ్వింది. వాళ్ళమ్మ మాత్రం నన్ను చూడంగానే మొగం చాటంత చేసుకోని గుడిసెలోకి ఉరికింది. బియ్యం సంచి ఒకటి రెండు చేతులా ఎత్తుకొచ్చి నా ముందర పెట్టింది.

“మీరొస్తారని తెలుసు టీచరమ్మా. ఈడికి వచ్చిన కాన్నుంచి పూటపూటకూ ఎత్తిపెట్టినా. ఒక్క పూట కూడా తప్పలేదు. ఇది చాలునా? జూన్లో పిల్లను మళ్ళా చేర్చుకుంటారా?”

ఈసారి నేను నోరు మూసుకోలేదు. హాస్టలు మూసేసినారక్కా అని చెప్పినా. ఆమెకు అర్థం కాలేదు. మళ్ళా చెప్పినా. మూసేసినారు, ఇంగ లేదు అని. ఆమె సంచి మీద చేయి పెట్టుకోని కూర్చునింది.

“అయితే ఇది ఎవురికియ్యల్ల?” అని అడిగింది.

ఆ పిల్లే వచ్చి తల్లి చేతి కిందనుంచి సంచి తీసుకుంది. చాటలో పోసి పురుగులు ఏరింది, కడిగింది, ఎసట్లో పోసింది. పిడికెడు పక్కకు తీయలేదు. అందరికీ అన్నం తట్టల్లో పెట్టి నాకూ ఒకటి ఇచ్చింది. తిన్నా.