డాక్టరమ్మ తనమీద వేసుకున్న నింద

నాలుగో నెల కడుపుతో ఉన్న మనవరాలు అలమర సర్దుతూ పాత వెండి ఉగ్గుగిన్నె తీసి నా చేతిలో పెట్టింది. దాని చల్లని ముక్కు అరచేతికి తగలగానే ప్రొద్దుటూరు డాక్టరమ్మ గుర్తొచ్చింది. నలిగిన నేతచీర, లావుపాటి కళ్లద్దాలు, జవాబు చెప్పేముందు కాసేపు ఆగే అలవాటు. మీరెవరూ ఆమెను ఎరగరు. నేను మాత్రం ఆమె మాట పట్టుకునే ఇంతకాలం బతికాను.

నాకు చిన్నప్పటి నుంచీ మూర్ఛ. పందొమ్మిదివందల యాభైల్లో ప్రొద్దుటూరులో ఒక కిరాణా వ్యాపారుల ఇంటికి కోడలిగా వెళ్లాక, డాక్టరమ్మ ఇచ్చిన మాత్రలతోనే అది అదుపులోకి వచ్చింది. కడుపుతో ఉన్నానని తెలియగానే, ఆ మందు వేడికి బిడ్డ నిలవదని మా అత్త మాత్రలు మానిపించింది. చెడ్డ మనిషి కాదు, భయస్థురాలు. నేను అంతకంటే పిరికిదాన్ని. పదిరోజులు తిరక్కుండానే పొయ్యి ముందు పడిపోయి మోచెయ్యి కాల్చుకున్నాను. కట్టు కడుతూ డాక్టరమ్మ తిట్టలేదు. మాత్రలు బిడ్డకు చెరుపు చేస్తాయా అని అడిగితే, కట్టు ముడి వేసి నావైపు తిరిగింది.

"నాకు తెల్దమ్మా. నేను చదివిన పుస్తకాల్లో లేదు. నువ్వు పొయ్యిలో పడితే ఇద్దరూ దక్కరు, అది మాత్రం తెలుసు."

మళ్లీ వేసుకున్నాను. కొడుకు పుట్టాడు, పైపెదవి చీలి. గ్రహణం మొర్రి అన్నారంతా. గ్రహణం నాడు నేను చీకటి గదిలో కదలకుండా పడుకున్నాను. అయినా అత్త పదేపదే అడిగేసరికి, గడప దాటానేమోనని చివరికి నాకే అనుమానం పట్టుకుంది. పాలు కుడవలేక బిడ్డ వాడిపోతుంటే, నా పాపమే వాణ్ణి తింటోందనుకున్నాను.

కబురందుకుని డాక్టరమ్మ ఇంటికే వచ్చింది. చాపమీద కూర్చుని, బిడ్డను ఒళ్లో నిటారుగా పట్టుకుని, ఈ ఉగ్గుగిన్నెతోనే పాలు చుక్కచుక్కగా బుగ్గలోకి పోసింది. వాడు మింగాడు. అప్పుడు తలెత్తకుండానే అత్తతో అంది.

"కోడల్ని అనొద్దు పెద్దమ్మా. మాత్రలిచ్చింది నేను. వాటివల్ల అయ్యిండొచ్చు, కాకపోవచ్చు. ఎవర్నన్నా అనాలంటే నన్ను అను."

అత్త చాప దగ్గరికి జరిగింది. "పాలు పోసి బతికిస్తాండావు, నిన్నేమని అనేది?" అని గిన్నె అందుకుంది. ఆ తర్వాత గ్రహణం మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. వాడికి ఏడాది నిండాక మద్రాసులో పెదవి కుట్టించాం.

మనవరాలికీ నా జబ్బే వచ్చింది. మాత్రలు మానేయనా అవ్వా అని ఇందాక మెల్లగా అడిగింది. సొంతంగా మానొద్దని, మార్చాలో తగ్గించాలో చెప్పగలిగిన డాక్టర్లు ఇప్పుడున్నారని, రేపే వెళ్దామని అన్నాను. ఏం జరిగినా తప్పు నీది కాదని కూడా ఇప్పుడే చెప్పేశాను. ఆ మాట నాకు బిడ్డ పుట్టాక గానీ దక్కలేదు.