మడతలో కలవని ఎర్రగీత

మొన్న ఊళ్లోని ఒక కాలేజీవాళ్లు చమురు కంపెనీ పాత ఉద్యోగినని పిలిస్తే వెళ్లాను. ఒక కుర్రాడు సముద్రగర్భపు పొరల చిత్రాన్ని తెరమీద పెట్టి, ఒక పొరమీద ఒక్కచోట నొక్కగానే కంప్యూటరు ఆ పొరని ఈ కొసనుంచి ఆ కొసకి తానే గీసేసింది. హాలంతా చప్పట్లు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

మన వయసువాళ్లకి చెబితే అర్థమవుతుంది. ఎనభైలలో, విశాఖ రేవు దగ్గరి మా ఆఫీసుకి, చమురు వెతుకులాటలో సముద్రం అడుక్కి పంపిన శబ్దాలు పొరలను తాకి తిరిగొచ్చి, బారెడు కాగితాలమీద సన్నని అలలుగా అచ్చయి చేరేవి. వాటిలో ఒక్కో పొరనీ ఎర్ర పెన్సిలుతో వెంబడించడమే మా పని. అది నాకు నేర్పింది మా అక్క భర్త, మా బావ. గాజువాకనుంచి బస్సులో వేలాడుతూ వచ్చి, తువ్వాలుతో బల్ల తుడుచుకుని కూర్చుంటే భోజనాలదాకా తలెత్తేవాడు కాదు. గీత పూర్తయ్యాక కాగితం మడిచి, ఆ సర్వే దారిని సముద్రంలో అడ్డంగా దాటే ఇంకో దారి కాగితానికి, రెండు దారులూ కలిసేచోట ఆనించి, రెండు ఎర్రగీతలూ కలిస్తేనే సంతకం పెట్టనిచ్చేవాడు.

అంతలో ఆ గీతలు తానే గీసే కంప్యూటరు యంత్రం వచ్చింది. దాన్ని నడిపే పని నాకిచ్చారు, ఇక నేను నేలమీద నిలవలేదు. మనం ఒక అల తలని చూపిస్తే, అది పక్క అలలో అలాంటి తలనే వెతికి పట్టుకుని, అక్కణ్ణుంచి ఆ పక్కదానికి పోతుంది. పొర విరిగి కిందికి జారినచోట కూడా ఆగదు, ఎదురుపడ్డ వేరే పొరనే తనదనుకుని నిక్షేపంగా సాగిపోతుంది. బావకి నెల పట్టే పని ఒక్క పూటలో చేసింది. బావ యంత్రం గీసిచ్చిన కాగితాన్ని కూడా మడిచి, అడ్డదారి కాగితంమీది తన పాత గీతకి ఆనించి చూశాడు. గీతలు వేలెడు ఎడంగా ఉన్నాయి.

“ఇక్కడ పొర తెగిపోనాదిరా. ఆపక్క పట్టుకున్నది మనది కాదు. నీకు కనబడతందా లేదేటి?” అన్నాడు నాతో, పెద్దాఫీసరు ఎదుటే.

పెన్సిలువాళ్లకి కడుపుమంట అని నవ్వాడు ఆఫీసరు. నాకు కనబడింది. నోరు విప్పితే కుర్చీ పోతుందని తలదించుకున్నాను. యంత్రం గీత ప్రకారమే బావచేత మ్యాపు గీయించి, సంతకం పెట్టించారు.

ఆ మ్యాపు చూసి సముద్రంలో చమురుబావి తవ్వితే ఉప్పునీళ్లు తప్ప చుక్క చమురు లేదు. విచారణలో యంత్రం ఊసే రాలేదు. చేత్తో గీసిన మ్యాపులో పొరపాటని తేల్చి, బావని స్టోర్సులో మేకులు లెక్కపెట్టుకోమని తోసేశారు. నవ్విన పెద్దమనిషికి ప్రమోషను! బావ రిటైరయ్యేదాకా నన్ను ఒక్క మాట అనలేదు. అననందుకు ఆయనమీద కూడా నాకు కోపమే.

పొర విరిగినచోట ఎవరు చూస్తున్నారని మొన్న కాలేజీలో ఆ కుర్రాణ్ణి గట్టిగానే అడిగాను. తను గీసిన గీతమీద తనకెంత నమ్మకమో కంప్యూటరే చెబుతుందన్నాడు. ఇప్పుడన్నీ తెరలే, మడవడానికి కాగితం లేదు. కాగితం ఉన్న రోజుల్లో, మడత కళ్లెదుట ఉండగా నోరు మూసుకున్నవాణ్ణి నేను. ఆ కుర్రాడిమీద అరిచే హక్కు నాకెక్కడిది? అయినా అరిచే వచ్చాను.