బెల్లం వండేవాడి వణుకు

సన్విర్యకు చెట్టెక్కడమంటే భయం లేదు, దిగడమంటే తొందర లేదు. జావా దీవిలోని బన్యుమాస్ పల్లెల్లో కొబ్బరి పూగెలలు గీసి, కారిన నీరా కాచి బెల్లం వండేవాళ్లు కావలసినంతమంది ఉన్నారు. కానీ తన వంటింటి వెనకున్న ముసలి చెట్టు ఎక్కే మగాడు మాత్రం తానొక్కడేనని అతని ధీమా. అందులో అబద్ధమూ లేదు. మిగతావాళ్లు దాని మొదట్లో నిలబడి పైకి చూసి, "వానొచ్చేట్టుంది" అంటూ పక్క చెట్టుకేసి నడిచేవారు. సన్విర్య మోకూ తాడూ ఏమీ లేకుండా, మానుకు నరికిన గాట్లలో కాలివేళ్లు దూర్చి, పాటేదో కూనిరాగం తీస్తూ పైకి పోయేవాడు.

నడుముకు వేలాడే వెదురు బొంగులు ఒకదానికొకటి తగిలి టకటకమనేవి. నీరా పట్టేది వాటిలోనే. భార్య తర్సినా పొయ్యి ముందు కూర్చుని ఆ చప్పుడు వింటూ ఉండేది. తలెత్తి చూసేది కాదు. మొగుడు చెట్టు మీద ఉండగా పెళ్లాం పైకి చూడకూడదని అక్కడి ఆనవాయితీ. ఆమె తండ్రి కూడా గీతగాడే. ఆమె చిన్నప్పుడు ఒక పొద్దున పెరట్లో బొంగుల చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆ తర్వాత ఆయన్ని నలుగురు మోసుకొచ్చారు. అందుకే చప్పుడు కాస్త ఆగితే చాలు, ఆమె చేతిలో పని ఆగిపోయేది.

అలాంటి ఇంట్లో, అలాంటి మనిషికి వణుకు పట్టుకుంది.

ముందు వేళ్లు వణికేవి. తర్వాత చల్లటి చెమట, కళ్ల ముందు మసక, కడుపులో చెప్పలేనంత ఆకలి. ఉదయం చెట్లు సగం పూర్తయ్యేసరికి వచ్చేది. సన్విర్య తెలివైనవాడే కదా, చెట్టు మీదే మందు కనిపెట్టాడు. బొంగు ఎత్తి నాలుగు గుక్కల నీరా తాగేవాడు. కాసేపట్లో వణుకు మాయం. "నన్ను నా చెట్టే చూసుకుంటుంది" అని ఊరంతా చెప్పుకున్నాడు. అయితే ఇంటికొచ్చి బాణలిలో పాకం కలుపుతుండగా మళ్లీ అదే వణుకు. అప్పుడు మనిషి మనిషిలా ఉండేవాడు కాదు. గరిటె ఇటు పెట్టావేమని, పొగ అటు పోతోందేమని తర్సినా మీద విరుచుకుపడేవాడు. మళ్లీ ఇంత బెల్లం నోట్లో వేసుకున్నాక, తానేనా అలా అరిచిందని సిగ్గుపడేవాడు.

తెల్లవారగానే అతనికి కావలసింది చిక్కటి చేదు టీ, పంటి కింద ఒక బెల్లం ముక్క. టీలో తీపి కలపరు, ముక్క కొరుకుతూ తాగుతారు. అన్నం మాత్రం చెట్లన్నీ అయ్యాకే. పొట్ట నిండితే ఒళ్లు బరువెక్కి కాలు తప్పుతుందని పాత గీతగాళ్ల మాట. ఆ మాటను అతను ఏనాడూ జవదాటలేదు. వణుకు మొదలయ్యాక మార్చింది ఒక్కటే, బెల్లం ముక్క సైజు పెంచాడు. వణుకు పెరిగినకొద్దీ ముక్క పెరిగింది, ముక్క పెరిగినకొద్దీ వణుకూ పెరిగింది.

"ఒంట్లోకి గాలి దూరింది బావా" అన్నాడు తర్సినా తమ్ముడు కార్సుమ్. బోర్లా పడుకోబెట్టి, నూనె రాసి, గాలి బయటికి పోవడానికి నాణెంతో వీపంతా గీకాడు. ఎర్రటి చారలు తేలాయి. "చూశావా ఎంత గాలో! నీ కబుర్లన్నీ ఇందులోంచేనన్నమాట."

"మెల్లగా గీకరా, అది వీపు, చెట్టు కాదు" అని మూలిగాడు సన్విర్య. మర్నాడు వణుకు మామూలుగానే వచ్చింది.

చివరికి తర్సినా పోరు పడలేక ఊళ్లో మంత్రసాని వినార్ని దగ్గరికి వెళ్లాడు. చదువుకున్న పిల్ల, కాన్పులే కాకుండా జ్వరాలకీ దెబ్బలకీ ఊరికి ఆమే దిక్కు. వేలు గుచ్చి చిన్న మిషన్‌లో రక్తం చూసింది. చక్కెర జబ్బు లేదు, అంతా మామూలే. సన్విర్య జబ్బ చరుచుకున్నాడు.

"అన్నా, వణుకు తగ్గాక వచ్చి బాగున్నానంటే ఎట్టా?" అంది వినార్ని. "అది ఉన్నప్పుడు చూడాలి. అప్పుడు నీ రక్తంలో చక్కెర పడిపోతుందేమోనని నా అనుమానం."

వెంట వచ్చిన కార్సుమ్ పడీపడీ నవ్వాడు. "బెల్లం వండేవాడికి చక్కెర తక్కువా? చేపకి దాహమేసినట్టుంది!" సన్విర్య కూడా నవ్వి, ఆ సంగతి అక్కడితో వదిలేశాడు.

కొన్నాళ్లకు ముసలి చెట్టు మీద ఉండగా వణుకు వచ్చింది. బొంగు అందుకోబోతే చెయ్యి తప్పింది. గీత కత్తి జారి, వంటింటి గుమ్మం పక్కన భూమిలో దిగబడింది. బొంగుల చప్పుడు ఆగిపోయింది. తర్సినా బయటికి పరుగెత్తుకొచ్చింది. ఆ కంగారులోనూ తలెత్తలేదు. కత్తి వంకే చూస్తూ అడిగింది.

"ఉన్నావా?"

పైనుంచి సమాధానం వచ్చింది. "ఉన్నా. మట్ట పట్టుకున్నా."

అతను ఎలా దిగాడో అతనికే తెలియదు. నేల మీద చతికిలబడి బెల్లం నమిలి, తేరుకుని, ఎప్పటిలాగే ఏదో జోకు వేయబోయాడు. తర్సినా వేయనివ్వలేదు.

"ఇదేంటో తేలేదాకా చెట్టెక్కితే, నేను మా తమ్ముడింటికి పోతా. చెట్లన్నీ వాడికే అప్పజెప్తా. ముసలి చెట్టుని కొట్టించేస్తా."

ఆమె అన్నంత పనీ చేసే మనిషి. సన్విర్యకు మొదటిసారి నిజంగా భయమేసింది. పడిపోతానని కాదు. చెట్టెక్కని సన్విర్యను ఊళ్లో ఏమని పిలుస్తారు? కార్సుమ్ గీసుకొచ్చిన నీరా కింద కూర్చుని కాచే ముసలాడని పిలుస్తారు. ఆ రాత్రి అతను సరిగా నిద్రపోలేదు.

పొద్దున్నే వినార్ని వచ్చి పెరట్లో వెదురు బల్ల మీద కూర్చుంది. "రోజూలాగే టీ తాగు, బెల్లం తిను. చెట్టు మాత్రం వద్దు. కట్టెలు కొట్టు. నేనిక్కడే ఉంటా."

సన్విర్య రెచ్చిపోయి కొట్టాడు. చుట్టుపక్కలవాళ్లు పనులు మానుకుని వచ్చి నిలబడ్డారు. "రాలేదేం నీ వణుకు? నలుగుర్ని చూసి సిగ్గుపడిందా?" అని ఒకరు. "వినార్నమ్మకి కట్టెలు ఉచితం" అని ఇంకొకరు. అతనూ దీటుగా జవాబులిస్తూనే ఉన్నాడు. రోజూ సగం చెట్లు పూర్తయ్యే వేళకి మాటలు తగ్గాయి. గొడ్డలి దెబ్బ పక్కకు పోయింది. నుదుట చెమట పట్టింది. "ఏంటి అందరూ గుడ్లప్పగించి చూస్తున్నారు, పోండి!" అని కసిరాడు.

"అదిగో వచ్చింది" అంటూ వినార్ని లేచి అతని వేలు గుచ్చింది. మిషన్ అతని ముందు పెట్టింది. అంకె యాభై లోపే ఉంది, కనీసం డెబ్బై ఉండాల్సింది. ఎవరూ నవ్వలేదు. చెంబుడు నీరా తాగించి, కాసేపాగి మళ్లీ చూస్తే అంకె పైకి లేచింది, వణుకు దిగింది.

"చూశావుగా నా మందు!" అన్నాడు సన్విర్య, ప్రాణం లేచొచ్చి.

"సగం మందే అన్నా. ఎండు మట్టలతో నువ్వు పాకం కాస్తావా?"

"ఎవడైనా కాస్తాడా? భగ్గుమని మండి చప్పున ఆరిపోతాయి. మొద్దులుండాలి."

"నీ పొట్టలో నువ్వు చేసేది అదే. ఖాళీ కడుపున ఒట్టి బెల్లం వేస్తావు. ఒళ్లు కంగారుపడి దాన్ని కావలసినదానికంటే ఎక్కువగా కరిగించేస్తుంది. ఆ పైన నువ్వు చెట్లెక్కుతావు. ఇంకేం మిగులుతుంది? వణుకొస్తే నీరా తాగు, తప్పులేదు. కానీ వెంటనే అన్నం, గుడ్డు, తెంపె ఏదో ఒకటి కడుపులో పడాలి. అసలు ఎక్కే ముందే తినాలి. కాసేపటికోసారి కొంచెం కొంచెం తినాలి. ఒకసారి పట్నం ఆస్పత్రిలో కూడా చూపించుకో. ఇంకేమీ లేదని తేల్చుకోవాలి."

పట్నంలో రెండుసార్లు తిప్పి, వేరే జబ్బేమీ లేదన్నారు. అంతవరకూ బాగానే ఉంది. తిని ఎక్కడం దగ్గరే పేచీ వచ్చింది. మళ్లీ చెట్టెక్కాల్సిన పొద్దున తర్సినా, సోయా గింజలు పులియబెట్టి చేసిన తెంపె వేయించి, అన్నం పెట్టి ముందుంచింది. సన్విర్య పళ్లెం పక్కకు జరిపాడు.

"తిని చెట్టెక్కినవాడు మా వంశంలో లేడే. మా నాన్న తినలేదు, మా తాత తినలేదు. పొట్టలో బరువుంటే కాలు నిలవదు."

తర్సినా పళ్లేన్ని మళ్లీ అతని ముందుకు జరిపింది.

"మా నాన్న కూడా తినకుండానే ఎక్కాడు" అంది.

ఇన్నేళ్ల కాపురంలో ఆమె తండ్రి పడిన సంగతి ఒక్కసారైనా ఎత్తలేదు. ఆయనకూ వణుకు వచ్చేదో లేదో ఇప్పుడు చెప్పేవాళ్లెవరూ లేరు. సన్విర్య పళ్లెం ఖాళీ చేశాడు.

కొద్ది రోజులు పొట్టి చెట్లే ఎక్కాడు. కాలు ఎక్కడా తప్పలేదు. వణుకు ఎప్పుడైనా తొంగిచూసేది గానీ నిలబడేది కాదు. పాకం దగ్గర అరుపులు తగ్గాయి. నడుముకు ఒక బొంగు తగ్గించి, దాని చోట అరిటాకు పొట్లం కట్టుకున్నాడు. "బావ చెట్టు మీద హోటల్ పెట్టాడు, పైకెళ్తే పార్సిల్ కూడా ఇస్తాడంట" అని కార్సుమ్ ఊరంతా చాటాడు. "ఎక్కి రారా, నీకు ఫ్రీ" అని ముసలి చెట్టు వైపు చూపించాడు సన్విర్య. కార్సుమ్ వానొచ్చేట్టుందన్నాడు.

ఒక పొద్దున తర్సినా వద్దనకముందే సన్విర్య ముసలి చెట్టు గాట్లలో కాలు పెట్టాడు. ఆమె వద్దనలేదు కూడా. పొయ్యి ముందు కూర్చుని టకటకలు వింది. చప్పుడు పైకి పోయింది, ఇంకా పైకి పోయింది, ఆగిపోయింది.

ఆమె చేతిలో గరిటె పాకంలోనే ఉండిపోయింది. బయటికి వచ్చి, అలవాటు ప్రకారం నేల చూపులు చూస్తూ నిలబడింది. అంతలో కాళ్ల దగ్గర ఏదో తెల్లగా రాలింది. గుడ్డు పెంకు. దాని వెనకే ఇంకొకటి.

తర్సినా తలెత్తింది. పెళ్లయినప్పటి నుంచీ ఆమె అలా చూడడం అదే మొదలు. ఎక్కడో పైన మట్టల మధ్య దర్జాగా కూర్చుని, రెండు బుగ్గలూ నిండా నములుతున్నాడు మొగుడు. ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి.

"ఏమే!" అని అరిచాడు. "గుడ్డుకి ఉప్పు ఇవ్వలేదేం?"

"దిగు, చెప్తా" అంది తర్సినా. కానీ అక్కడి నుంచి కదల్లేదు, తల దించలేదు. అతను ఆఖరి ముద్ద తిని, ఆకు పడేసి, మళ్లీ బొంగులు టకటకమంటుండగా కత్తి తీసేదాకా చూస్తూనే ఉంది.