అమ్మ సముద్రకాకులు

మా నాయన చిత్తూరులో సైన్సు అయ్యవారు. అమ్మ పుట్టిల్లు పులికాట్ సరస్సు ఒడ్డున. ఏటా చలికాలంలో అక్కడికి వెళ్తే ఆయన అత్తగారింట్లో కాక పక్షుల కోసం నీళ్ల గట్టు మీదే కాపురం పెట్టేవాడు. అల్లుడి మర్యాదకని మా అమ్మమ్మ కాఫీ పట్టుకుని గట్టుదాకా నడవాల్సివచ్చేది.

ఆ నీళ్ల మీదికి రెండు జాతుల గల్ పక్షులు వచ్చేవి. ఒకటి నల్లతలది, ఒకటి గోధుమతలది. తీరా చలికాలంలో రెండింటికీ తల తెల్లగానే ఉంటుంది, చెవి దగ్గర మచ్చ తప్ప. పేరు గొప్ప ఊరు దిబ్బ అని నేను విసుక్కుంటే, నాయన కళ్లు చూడమనేవాడు. నల్లతలదానికి కళ్లు నల్లగా ఉంటాయి, గోధుమతలదానికి పాలిపోయి ఉంటాయి. ఎగిరితే ఈ రెండోదాని నల్లటి రెక్కకొసల్లో తెల్లచుక్కలు. అమ్మకు ఈ గొడవ పట్టదు. వాళ్ల ఊరివాళ్లలాగే రెండింటినీ సముద్రకాకులనేది. ఇవి కాకిజాతే కాదని నాయన పాతికేళ్లు చెప్పాడు, పదిమందిలో ఎగతాళిగా కూడా చెప్పాడు. నేనూ ఆయన పక్షాన చేరి నవ్వేదాన్ని. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తొంభైల చివర్లో, పుట్టింటికి వెళ్లిన అమ్మ జ్వరం తగిలి అక్కడే పోయింది. మాకు ఆఖరి చూపు దక్కింది గానీ మాట దక్కలేదు. కర్మ కూడా ఆ ఒడ్డునే చేశారు.

పదోరోజు పిండం పెట్టి పక్కకు జరిగాం. కాకి ముట్టలేదు. ఏదో కోరిక మిగిలిపోయిందని పెద్దలు గొణిగారు. మేనమామ చేతులు జోడించి, పిల్లను బాగా చూసుకుంటామన్నాడు. నేను చదువు మాననన్నాను. చెట్టు మీది కాకులు దిగలేదు. అందరూ నాయన వైపు చూశారు. ఆయన నోరు తెరిచాడు, ఏమని మాటివ్వాలో తోచక మూసుకున్నాడు.

ఎండెక్కింది. అంతలో నీళ్ల మీది నుంచి ఒక గల్ వచ్చి వాలి, ముద్ద ఎత్తుకుపోయింది.

"అది కాకి కాదు గదా బావా," అన్నాడు మామ. మళ్లీ పిండం పెడదామన్నారు ఎవరో.

నాయన అడ్డం నిలబడ్డాడు. "కాకే అబ్బా. ఆమె దాన్ని కాకి అనే అనింది. ఇంక సాలు."

మళ్లీ పిండం పెట్టలేదు. తిరుగుబస్సు పుత్తూరు దాటాక ఆయన, అమ్మకు ఏం కోరిక ఉండేదో నాకేమన్నా తెలుసా అని అడిగాడు. నేనెప్పుడూ అడగలేదు. తెలియదన్నాను.

"నాతో సెప్పే ఉంటాది మ్మా," అన్నాడు. "నేనే యిన్లేదు."