హారన్ బాబాయి భార్య బండి పట్టిన రోజు

టాక్సీ స్టాండులో ఆయన్ని అందరూ హారన్ బాబాయి అంటారు. సిగ్నల్ పచ్చబడకముందే హారన్ కొట్టే మనిషి. నోరూ అంతే, ఎవరూ అడగకముందే మోగుతుంది. ముప్పై ఏళ్లు నగరమంతా తిరిగి, ఒక్క వీధి గురించీ మంచి మాట చెప్పిన పాపాన పోలేదు.

క్లచ్ తొక్కీ తొక్కీ చివరికి ఎడమ మోకాలు మొరాయించింది. ఇక బండి నడపొద్దన్నాడు డాక్టరు. స్టాండులో ఒక రూలుంది: మూడు నెలలు బండి రాకపోతే వరసలో దాని చోటు ఇంకొకరికి పోతుంది. డ్రైవర్ని పెడదామంటే, వచ్చిన ప్రతివాడికీ వంకలు పెట్టి తరిమేశాడు బాబాయి. "నేనే నేర్చుకుంటా," అంది భార్య. ఆయన పడీ పడీ నవ్వాడు. యాభై దాటిన ఆ ఇల్లాలు వెళ్లి డ్రైవింగ్ స్కూల్లో చేరింది. మొగుడి దగ్గర నేర్చుకుంటే బండికన్నా ముందు కాపురం గోడకు గుద్దుకుంటుందని ఆమెకు తెలుసు.

లైసెన్సు పరీక్ష రోజుకి స్టాండు గడువు ఇంకో పది రోజులే మిగిలింది. పరీక్ష సొంత టాక్సీలోనే. ఇన్‌స్పెక్టరు ఆమె పక్కన కూర్చున్నాడు. వెనక సీట్లో బాబాయి దూరాడు.

"మీరెందుకండీ?"

"బండి నాదండి. నేను లేకపోతే బెంగెట్టుకుంటుంది."

"మీరు ఒక్క మాట మాట్లాడారో, ఆవిడ ఫెయిల్. మళ్లీ రావడం నెల తర్వాతే."

బాబాయి జేబురుమాలు నోట్లో కుక్కుకున్నాడు. బండి కదిలింది. ఆయన ఎడమ కాలు వెనక సీట్లో లేని క్లచ్ తొక్కుతూనే ఉంది. ఒక బస్సు అడ్డంగా దూరితే ఆమె శాంతంగా దారిచ్చింది. బస్సుకి దారివ్వడమా! జేబురుమాలు సగం నమిలేశాడు.

మార్కెట్ మలుపులో రెండు సూట్‌కేసుల పెద్దమనిషి చెయ్యెత్తాడు. ముప్పై ఏళ్ల అలవాటు ఊరుకుంటుందా? రుమాలు ఊడింది, తల కిటికీలోంచి బయటికొచ్చింది.

"ఎక్కడికండీ?"

ఇన్‌స్పెక్టరు పెన్నుకు మూత పెట్టేశాడు. "అయిపోయిందమ్మా."

ఆమె అద్దంలో చూసింది, ఇండికేటర్ వేసింది, బండిని అంచుకు తీసి ఆపి, హ్యాండ్‌బ్రేక్ లాగింది. అప్పుడు వెనక్కి తిరిగింది.

"దిగండి."

"ఇక్కడా? నా మోకాలు..."

"దిగండి."

దిగాడు. ఆమె గొంతు కిటికీలోంచి వినిపించింది. "సార్, నోరు ఆయనది, స్టీరింగు నాది. మీరు దేనికి పరీక్ష పెడుతున్నారు?"

ఇన్‌స్పెక్టరు తల గోక్కుని, పెన్ను మూత తీశాడు. "పోనివ్వండి."

తన బండి వెళ్లిపోతుంటే వెనకనుంచి చూడటం బాబాయికి అదే మొదటిసారి. అది ఎక్కడా తడబడకుండా వెళ్లింది. సగం అక్కసుతో, సగం గర్వంతో అది మలుపు తిరిగేదాకా మెడ సాచి చూశాడు.

"ఇంకో టాక్సీ దొరుకుతుందా?" అన్నాడు సూట్‌కేసుల పెద్దమనిషి.

"ఇంకోటెందుకండీ! కాసేపాగండి, మా ఆవిడ వచ్చేస్తుంది."

అరగంటకి వచ్చింది, ఒక్కతే. పాసైందా అని అడగనక్కర్లేకపోయింది. పెద్దమనిషి సామానుతో వెనక ఎక్కాడు. బాబాయి కుంటుకుంటూ పోయి, ఎప్పట్లాగే డ్రైవరు తలుపు తీశాడు. ఆమె కదల్లేదు.

"అటువైపు," అంది.

చుట్టూ తిరిగి వెళ్లి కూర్చున్నాడు. సొంత బండిలో ఆ సీటు ఎక్కడం ఎరగడు. బెల్టు కోసం చెయ్యి తప్పుడు భుజం వైపు పోయి వెతుకుతోంది. ఆమె వంగి, దాన్ని అటునుంచి లాగి ఆయనకు పెట్టింది. బాబాయి జేబులోంచి నమిలిన రుమాలు తీసి, తనంతట తనే మళ్లీ నోట్లో కుక్కుకున్నాడు.